మాట మధ్యలో అందుకోవద్దు

మే 4

ఈ డైరీ దారం కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చారు. ఇన్నాళ్ళూ కొట్లో బొత్తాల డబ్బా కింద పడి ఉంది. రాయడానికి నాకేముంటుంది అనుకున్నాను. ఇవాళ తీశాను. కాగితం మీద నాకు నత్తి రాదు. అంతకు మించి కారణం లేదు.

మా ఆవిడ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. చెయ్యి లేస్తోంది. నడుస్తోంది. మూతి వంకర కూడా సర్దుకుంది. మాట మాత్రం నాలాగే అయింది.

నాలాగే అని రాశాను. సరిగ్గా నాలాగ కాదు. నేను మాట మొదట్లో పడతాను. ఆవిడ మధ్యలో కూడా పడుతోంది, చివర కూడా పడుతోంది. నేను పడేటప్పుడు మొహం మెలికలు తిరుగుతుంది. ఆవిడ మొహం మామూలుగానే ఉంటుంది. మాట ఒక్కటే ఇరుక్కుంటుంది.

మే 5

వీధిలో అందరూ ఆవిడను రేడియో అంటారు. ఎదురుగానే అంటారు, ఆవిడ ఏమీ అనుకోదు. నన్ను నత్తి టైలరు అంటారు. ఎదురుగా అనరు. నాకు తెలుసు.

పొద్దున కొట్టు తలుపు తీసిన దగ్గర నుంచి మూసేదాకా ఆ రేడియో మోగేది. నా తరఫున కూడా అదే మోగేది. పెళ్ళయిన కొత్తలో నేను ఒక మాట పట్టుకుని వేలాడుతుంటే చూడలేక అందుకుంది. అప్పటినుంచి అందుకుంటూనే ఉంది. నాకూ హాయిగానే ఉండేది. చాలాసార్లు సరిగ్గానే అందుకునేది. తప్పు అందుకున్నప్పుడు కూడా తలూపేవాణ్ణి. కాదని చెప్పాలంటే మళ్ళీ ‘కా’ దగ్గర పడాలి.

ఏ టైలరైనా కొలత తీసి అంకె పైకి చెబుతాడు, పక్కవాళ్ళు రాసుకుంటారు. పైకి చెప్పకపోతే కస్టమరు నమ్మడు. నేను చెప్పలేను. ముఖ్యంగా ముప్పైలు. నేను ‘ము’ దగ్గర ఆగిపోతే కస్టమరు నాకోసం ఊపిరి బిగబట్టి నిలబడతాడు, నడుం కొలత తప్పు వస్తుంది. అందుకని నేను టేపు మీద బొటనవేలు పెట్టి చూపిస్తాను. ఆవిడ వంగి చూసి, వీధికంతా వినబడేలా చదివి, తనే రాసుకుంటుంది. పొట్ట పెరిగినవాళ్ళు మా కొట్టుకు రావడానికి సిగ్గుపడేది ఇందుకే.

కొట్టు మూసే ఉంది.

మే 6

ఆవిడ ఇవాళ ఏమీ మాట్లాడలేదు.

మే 7

ఇవాళ కూడా.

మే 9

నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ నోరు తెరవదు కాబట్టి నేనే మాట్లాడాల్సి వచ్చింది. నా మాట వినగానే ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళలో లైటు వేశాడు. పేషెంటు నేను కాదని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆపాటికి మోకాలి మీద సుత్తితో కొట్టడం కూడా అయిపోయింది.

మంచివాడే. నవ్వలేదు. నాది ఎప్పటినుంచి అని అడిగాడు. మాటలు వచ్చినప్పటి నుంచి అన్నాను. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్నాడు. మా చిన్నాన్నకు ఉండేది. ఆయన పశువులతో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండానే బతుకు వెళ్ళదీశాడు.

డాక్టరు కాగితం మీద మెదడు బొమ్మ గీశాడు. ఇది నాలుక జబ్బు కాదన్నాడు. భయం వల్ల వచ్చిందీ కాదన్నాడు. భయం వేస్తే పెరుగుతుంది, అంతేగాని దాన్ని తెచ్చింది భయం కాదట. మాట ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే చోటు మెదడులో లోతుగా ఉంటుందట. చెవి నుంచి, నోటి నుంచి అక్కడికి తీగలు అల్లుకుని ఉంటాయట. కొందరికి పుట్టుకతోనే ఆ అల్లిక ఒకచోట పలచన. సైగ సమయానికి అందదు. మా ఆవిడకు అల్లిక బాగానే ఉండేది, రక్తనాళం మూసుకుపోయి బఠాణీ గింజంత మేర చచ్చిపోయింది.

నేను మిషను అనుకుని అర్థం చేసుకున్నాను. సూది కిందికి దిగి, దారం కాస్త ఉబ్బగానే, అడుగున కొక్కెం తిరిగి వచ్చి దాన్ని అందుకోవాలి. కాస్త అటూ ఇటూ అయితే కుట్టు వదిలేస్తుంది. సూది మంచిదే, దారం మంచిదే, గుడ్డ మంచిదే. టైమింగు తప్పు.

బళ్ళో పంతులు నా నాలుక కింద గులకరాయి పెట్టించి పాఠం చదివించేవాడు. భయం పోవాలని బెత్తంతో కొట్టేవాడు. ఆ రాయి ఎవరి నోట్లో పెట్టాలో ఇవాళ తెలిసింది. ఆయన పోయాడు. లేకపోతే వెళ్ళి పెట్టేవాణ్ణి. వెళ్ళేవాణ్ణి కాదేమో. అయినా రాసుకుంటాను.

బయటికి వచ్చేటప్పుడు డాక్టరు నాతో ఒక్కటే చెప్పాడు. ఆమెను మాట్లాడనివ్వండి, నోరు మూసుకుంటే ఇది తగ్గదు. తగ్గుతుందని మాట ఇవ్వలేను, మాట్లాడకపోతే మాత్రం తగ్గదు.

మే 11

బావమరిది వచ్చాడు. మా ఆవిడకు తమ్ముడు. పక్క ఊళ్ళో లారీల ఆఫీసు నడుపుతాడు. రెండు ఫోన్లలో ఒకేసారి మాట్లాడగలడు, మధ్యలో గుమస్తాను తిట్టగలడు. అక్కంటే ప్రాణం. అది నిజం. ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ బయట బెంచీ మీద కూర్చున్నాడు.

కూర్చోగానే మొదలుపెట్టాడు. వాళ్ళ ఊళ్ళో పెద్ద ఆసుపత్రి ఉంది, రోజూ మాట నేర్పేవాళ్ళు ఉన్నారు, ఇంటినిండా మనుషులున్నారు. అందరూ గలగల మాట్లాడేవాళ్ళే. అక్క అక్కడుంటే తొందరగా కోలుకుంటుంది. ఇక్కడ పొద్దస్తమానం వినేదేమిటి?

“నువ్వేమీ అనుకోకు బావా. ఒకే ఇంట్లో ఇద్దరికీ ఇదే అయితే అక్కకు మంచి మాట చెవిన పడేదెప్పుడు?”

అంటుకుంటుంది అనలేదు. అన్నట్టే.

నెలాఖరుకు కారు తీసుకుని వస్తాడట. అక్కను తీసుకెళ్ళి తనే చూసుకుంటాడట. కొట్టుకు తాళం వెయ్యమన్నాడు. ఈ వయసులో ఒక్కడివే ఏం కుడతావన్నాడు. నువ్వేమంటావు అని అడిగాడు కూడా.

నేను “అ” అన్నాను. “అ... అ...”

“అలాగే అంటున్నావు కదా. మంచిది బావా. నాకు తెలుసు నువ్వు కాదనవని.”

నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. నేను అనబోయింది ‘అక్కర్లేదు’.

ఆవిడ పక్కనే కూర్చుని బొత్తాలు రంగుల వారీగా వేరు చేస్తోంది. చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

మే 12

పంపను.

ఎవరిని అడిగి తీసుకెళతాడు. కారు ఉంటే సరిపోతుందా. గలగల మాట్లాడేవాళ్ళు గలగల మాట్లాడుతూనే ఉంటారు, ఈవిడ మాట పూర్తయ్యేదాకా ఆగేదెవరు? నత్తి సంగతి నాకంటే ఎవరికి తెలుసు. పంపను. వస్తే తలుపు దగ్గరే చెబుతాను.

ఆవిడకు కూడా వెళ్ళడం ఇష్టం లేదు. అడగనక్కర్లేదు. నాకు తెలుసు.

మే 14

మాట నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. గది గోడలనిండా పిల్లల బొమ్మలు. ముసలివాళ్ళకు కూడా అదే గది.

ఆ అమ్మాయి ఒక పిల్లల వాచకం ముందు పెట్టి, ముగ్గురం ఒకేసారి పైకి చదువుదాం, ఒకే వేగంతో, అంది. చీమ వానలో తడుస్తూ ఇల్లు మారే కథ. మొదలుపెట్టాం.

నేను పరుగెత్తాను.

రాయడానికే సిగ్గుగా ఉంది. ఎక్కడా ఆగలేదు. ‘మ’ ఆగలేదు, ‘ప’ ఆగలేదు. ఆ అమ్మాయి గొంతు పక్కన నా గొంతు నీళ్ళలా పోయింది. ఇది నాకు కొత్త కాదు. బళ్ళో ఎక్కాలు అందరితో కలిసి చెప్పేటప్పుడు నాకు నత్తి ఉండేది కాదు. పంతులు ఒక్కణ్ణి లేపితే వచ్చేది. అందుకే వీడిది దొంగ నత్తి అని తేల్చారు. ఆ తరవాత ఎవరితోనూ కలిసి చదివే అవసరం రాలేదు.

రెండో పేజీలో చూస్తే మా ఆవిడ మొదటి పేజీలోనే ఉంది. ‘చీ-చీ-చీమ’ దగ్గరే. పుస్తకం వైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది. నేను ఠక్కున ఆగిపోయాను. ఆవిడ నా మోకాలి మీద కొట్టింది. ఎందుకు కొట్టిందో తెలుసు.

ఆ అమ్మాయి వివరంగా చెప్పింది. పుట్టుకతో వచ్చిన నత్తికి పక్కన ఇంకో గొంతు ఉంటే ఆ గొంతే తాళం వేస్తుందట, మాట సాగుతుందట. దెబ్బ తగిలి వచ్చినదానికి మామూలుగా ఈ ఉపాయం పని చెయ్యదట. ఇంకోలా ప్రయత్నిద్దాం, కంగారు పడకండి అంది. నాకు మాత్రం ఇంట్లో వినడానికి రికార్డు చేసి ఇస్తానంది. దాంతో కలిసి రోజూ చదివితే హాయిగా ఉంటుందట.

వద్దన్నాను. ఆవిడకు పనికిరాని మందు నాకెందుకు.

బస్సులో ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. బాధ పడింది. ఇన్నేళ్ళ నత్తివాడు పరుగెత్తుతుంటే తను వెనక పడింది కదా. నాకు తెలుసు. అడగలేదు.

మే 15

మాట నేర్పే అమ్మాయి దగ్గరికి ఆవిడ రానంది. తల అడ్డంగా ఊపింది. మోకాళ్ళ నొప్పి అనుకుంటాను.

మే 16

మోకాళ్ళ నొప్పే.

మే 17

కొట్టు తెరిచాను. ఆవిడ లోపలి స్టూలు మీద కూర్చుంది. కాజాలు కుడుతుంది, మాట్లాడదు.

పొద్దున్నే బస్సు డ్రైవరు వచ్చాడు. యూనిఫాం ప్యాంటు కావాలి. టేపు వేశాను, బొటనవేలు పెట్టాను. అలవాటుగా పక్కకు చూశాను. ఆవిడ సూది వైపు చూస్తోంది. సరే అనుకుని నేనే మొదలుపెట్టాను. ‘ము’. డ్రైవరు ఊపిరి బిగబట్టాడు. నాకు కోపం వచ్చింది. చేత్తో వాడి పొట్ట మీద తట్టాను, ఊపిరి వదలమని. వదిలాడు. నడుం పెరిగింది. మళ్ళీ మొదటినుంచి అంకె చెప్పాను. చెప్పాను. ముప్పై ఎనిమిది అని నా నోటితో నేనే చెప్పాను.

మే 18

కుర్రవాడొకడు ప్యాంటు తెచ్చాడు, నడుం వదులు చెయ్యమని. తిరగేసి చూస్తే లోపల మడత గుడ్డ లేదు. ఎవరో ముందే విప్పేశారు. ‘కుదరదు’ అని చెప్పబోయాను.

“కు...”

“కుట్టేస్తారా? సరే సాయంత్రం వస్తా” అని పరుగెత్తాడు.

సాయంత్రం వచ్చి గొడవ పడ్డాడు. రాత్రికి పెళ్ళిచూపులట. ఇప్పుడేం వేసుకుని వెళ్ళాలని నన్నే అడిగాడు. ఎప్పుడూ ఇలాంటివాళ్ళను ఆవిడే చూసుకునేది. నేను మిషను మీదికి వంగి ఉండేవాణ్ణి. ఇవాళ వంగలేదు. నిలబడి విన్నాను. వాడు ఆయాసంతో ఆగాక, నువ్వు వినలేదు అన్నాను. ఆ రెండు మాటలకు నాకు పట్టిన సేపు వాడు కదలకుండా నిలబడాల్సి వచ్చింది. తరవాత నా ప్యాంటు ఒకటి ఇచ్చి పంపాను. వదులుగా ఉంటుంది, బెల్టు పెట్టుకోమన్నాను.

మే 20

చొక్కాల అట్ట ఒకటి తీసి బోర్డు రాశాను.

‘ఈ కొట్లో మాట మధ్యలో అందుకోవద్దు. ఆగలేనివారు పక్క వీధిలో టైలరు దగ్గరికి వెళ్ళవచ్చు.’

గోడకు కొట్టాను. బతుకంతా నేనే తొందరపడ్డాను, వాళ్ళకు విసుగొస్తుందేమోనని. ఇక వాళ్ళు ఆగాలి. నా మాట పూర్తయ్యేదాకా నిలబడలేనివాడికి నా చేతి ప్యాంటెందుకు.

డ్రైవరు ట్రయల్‌కు వచ్చి బోర్డు రెండుసార్లు చదివాడు.

“మీ మాట ప్యాసింజరు బండి మాస్టారూ. ప్రతి స్టాపులో ఆగుతుంది. పర్లేదు, ఎక్కినవాణ్ణి మధ్యలో దించకపోతే చాలు.”

నవ్వాను. లోపల ఆవిడ కూడా నవ్వినట్టుంది. చూడలేదు.

అదే రోజు సాయంత్రం

ఇది కూడా రాయాలి.

ఆవిడ మాట్లాడింది. ఇన్ని రోజుల తరవాత. గుడ్డ కత్తిరిస్తూ తల ఎత్తి, “కత్తె-తె-తె...” అంది.

నేను “కత్తెరా?” అని నా కత్తెర తీసి చేతికిచ్చాను.

సుద్ద ముక్క తీసి నా మొహాన విసిరింది. తరవాత బోర్డు వైపు వేలు చూపించింది.

బోర్డు రాసి పొద్దుగుంకలేదు. దాన్ని మొదట మీరింది నేనే. నత్తి సంగతి నాకంటే ఎవరికి తెలుసు అని రాసుకున్నవాణ్ణి.

చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆవిడ మళ్ళీ మొదటినుంచి చెప్పింది.

“కత్తె-తెర ప-పదును పె-పెట్టించండి. అం-అంచంతా పీ-పీచులు వ-వస్తున్నాయి.”

చూశాను. నిజమే, పీచులు వస్తున్నాయి.

మే 22

ఇవాళ పొద్దున కొట్టు తెరుస్తుంటే వెనక నుంచి అడిగింది.

“మీ-మీ మాట నే-నేనెన్ని సార్లు త-తప్పు అం-అందుకున్నాను?”

గుర్తులేదన్నాను. వదల్లేదు. తాళం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడింది. నేను తలుపు వైపు చూపించాను.

“న-న-నలుపు” అన్నాను.

ముందు అర్థం కాలేదు. తరవాత అయింది. కొట్టు పెట్టిన కొత్తలో రంగుల షాపుకు ఇద్దరం వెళ్ళాం. నేను ‘న’ దగ్గర పడ్డాను. ఆవిడ “నీలం” అంది. షాపువాడు డబ్బా కట్టేశాడు. అప్పటినుంచి మా తలుపు నీలం రంగు. వెలిసినప్పుడల్లా నేనే నీలం తెచ్చి వేశాను. ఊళ్ళో గుర్తు చెప్పాలంటే నీలం తలుపు టైలరు అనేదాకా వచ్చింది.

ఆవిడ తలుపును పైనుంచి కిందికి చూసింది.

“ము-ముందే చె-చెప్పొచ్చుగా” అంది.

అని తనే ఆగిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు నవ్వింది ఎవరో తెలియదు. గడప మీద కూర్చుని నవ్వాం. పక్క కొట్టువాడు బయటికొచ్చి చూశాడు.

ఇంకా ఏమేమిటని అడిగింది. టీలో పంచదార చెప్పాను. కాపురానికి వచ్చిన రోజు ‘చాలు’ అనబోయాను. ‘చాలదా’ అని ఇంకో చెంచా వేసింది. అప్పటినుంచి రోజూ ఆ చెంచా తాగుతున్నాను. ఇది విని నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది.

మే 23

టీలో పంచదార తగ్గింది. బాగాలేదు. ఇన్నేళ్ళ తరవాత తాగలేకపోతున్నాను. ఆవిడకు చెప్పలేదు.

మే 25

చీమ కథ సంగతి ఇవాళ తెలిసింది.

మాట నేర్పే అమ్మాయి దగ్గరికి మళ్ళీ వెళదామా అని అడిగాను, మోకాళ్ళు ఎలా ఉన్నాయన్నాను. మోకాళ్ళకేమైంది అంది. మరి ఆ రోజు ఎందుకు రానన్నావు అని అడిగాను. చాలాసేపు పట్టింది ఆవిడకు. నేను అందుకోలేదు. పెదవి కరుచుకుని కూర్చున్నాను.

ఆవిడకు బాధ కలిగిన మాట నిజమే. అది వెనక పడ్డందుకు కాదు. నా గొంతు అంతసేపు ఆగకుండా ఆవిడ ఎప్పుడూ వినలేదట. ఎంత బాగుందో అంది. ఇన్నేళ్ళూ ఆ గొంతు మీద తన గొంతు వేసి కప్పేశానని ఏడుపొచ్చిందట. మోకాలి మీద కొట్టింది ఆపవద్దని.

నేను ఆపేశాను. పైగా రికార్డు వద్దన్నాను, ఆవిడకోసం ఏదో వదులుకున్నట్టు.

నోటితో చెప్పే మాట అందుకోకూడదని బోర్డు రాశాను. ఆవిడ చెప్పని మాటలన్నీ నేనే పూర్తి చేసుకుంటూ వచ్చాను. మోకాళ్ళ నొప్పి ఒకటి. ఇంకా ఎన్ని ఉన్నాయో.

ఒకటి ఉంది. ‘ఆవిడకు వెళ్ళడం ఇష్టం లేదు.’ వెనక్కి తిప్పి చూశాను. నా చేతిరాతే. అడగనక్కర్లేదు అని కూడా రాశాను.

తమ్ముడి ఇల్లు. పెద్ద ఆసుపత్రి. రోజూ మాట నేర్పేవాళ్ళు. ఎందుకు ఇష్టం ఉండకూడదు?

అడగాలి. రేపు అడుగుతాను.

మే 26

అడగలేదు. పని ఎక్కువగా ఉంది.

మే 27

అడగలేదు.

మే 29

అడగలేదు. ‘వె’ దగ్గర పడ్డాను. ఆవిడ ఆగింది. ఎంతసేపైనా ఆగేలా ఉంది. చివరికి ‘వెచ్చాలు తేవాలా’ అని అడిగాను. నత్తి ఒకందుకు పనికొస్తుంది, మధ్యలో మాట మార్చుకోవచ్చు.

ఆవిడ నమ్మలేదు.

మే 31

ఇది వివరంగా రాసుకుంటాను.

కారు వచ్చింది. బావమరిది దిగుతూనే, అక్కా బట్టలు సర్దుకున్నావా అన్నాడు. ఫోను చెవి దగ్గరే ఉంది. ఆవిడ కాజా కుడుతోంది. సూది గుచ్చి పక్కన పెట్టి లేచింది.

“నే-నే...”

“నేను సర్దిస్తాలే. నువ్వు కూర్చో.”

“కా-కాస్త...”

“కాఫీ వద్దక్కా, దారిలో తాగుదాం. రేపు పొద్దున్నే అక్కడ డాక్టరు మనకోసం కూర్చుంటాడు.”

ఆవిడ నోరు మూసుకుంది. ఆ మొహం నాకు తెలుసు. అది నా మొహం. బతుకంతా అద్దంలో చూసినదే. సరేలే అనుకునే మొహం.

నేను మిషను దగ్గర నుంచి లేచాను. వాడికీ ఆవిడకీ మధ్య నిలబడ్డాను. బోర్డు చూపించాను. వాడు చదివి నవ్వాడు, ఇది కస్టమర్లకు కదా బావా అన్నాడు.

“అ... అ...”

“అలాగే, అలాగే, టైమవుతోంది.”

చెయ్యి ఎత్తి వాడి మొహం ముందు పెట్టాను. వాడి మీద నేను చెయ్యెత్తడం అదే మొదలు. వాడు బిత్తరపోయాడు. ఫోను కిందికి దించాడు. నేను పడుతూనే ఉన్నాను. మెడ బిగుసుకుంది, కన్ను మూసుకుపోయింది, కారు డ్రైవరు లోపలికి తొంగి చూశాడు. చూడనీ. వదల్లేదు.

“అ-అ-అక్కర్లేదు” అన్నాను. “ఆ-ఆ రోజు నే-నేను అ-అనబోయింది అది. నువ్వు ఆ-ఆగలేదు. ఇ-ఇవాళ కూడా ఆ-ఆగకపోతే... కు-కుదరదు. కూ-కూర్చో.”

వాడు కస్టమర్ల స్టూలు మీద కూర్చున్నాడు.

అప్పుడు ఆవిడ వైపు తిరిగాను. ఇన్ని రోజులు అడగలేనిది అందరి ముందూ అడిగాను. వెళతావా అన్నాను. నీ ఇష్టం, నువ్వే చెప్పు అన్నాను. ‘వె’ దగ్గర చాలాసేపు పట్టింది. ఈసారి మాట మార్చలేదు. వెళతానంటే పెట్టె నేనే సర్దుతానని మనసులో అనుకున్నాను.

ఆవిడ మొదలుపెట్టింది.

“నే-నేను వ-వస్తా-తాను...”

బావమరిది లేవబోయాడు. నేను భుజం మీద చెయ్యి వేసి నొక్కాను. నిజానికి ఆ చెయ్యి వాడికోసం కాదు. పట్టుకోవడానికి నాకేదైనా కావాలి.

వీధిలో ఐస్ అమ్మేవాడి గంట వెళ్ళిపోయింది. కారు డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆవిడ మొహంలో కంగారు లేదు. మాట ఇరుక్కున్న చోట ఆగుతోంది, ఊపిరి తీసుకుంటోంది, మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకుంటోంది. దారం తెగినచోట నుంచే మళ్ళీ కుట్టినట్టు.

“నే-నేను వస్తా-తాను. రెం-రెండు రోజు-జులు. నీ-నీ పి-పిల్లల్ని చూ-చూసి, ఆ డా-డాక్టరుకు చూ-చూపించుకుని. త-తరవాత ఇం-ఇంటికి వచ్చే-చ్చేస్తాను. ఇ-ఇక్కడ ప-పని ఉం-ఉంది.”

బావమరిదీ నేనూ, ఇద్దరిలో ఎవరం ఆ మాట అనుకోలేదు. ఆవిడ వస్తానంటుందని వాడు, రానంటుందని నేను అనుకున్నాం. ఇరవై రోజులు ఇద్దరం చెరో సగం పట్టుకుని కూర్చున్నాం.

వాడు స్టూలు మీదే ఉండిపోయాడు. అక్కడే ఉండి రోజూ వైద్యం చేయించుకుంటే తొందరగా తగ్గుతుంది కదక్కా అన్నాడు. ఈసారి మెల్లగా అన్నాడు, అని ఆగాడు. ఆవిడ చెప్పింది, తగ్గితే తగ్గుతుంది, తగ్గకపోతే ఇలాగే మాట్లాడతాను, నువ్వు ఆగి విను. నా ఇల్లు ఇది. ఇవి నేను కుదించి రాస్తున్నాను. ఆవిడ కుదించలేదు. ప్రతి మాటా పూర్తిగా చెప్పింది.

అంతా విని వాడు కళ్ళు తుడుచుకున్నాడు.

“చిన్నప్పుడు నన్ను ఒక్క మాట మాట్లాడనిచ్చావా అక్కా? అన్నీ నువ్వే మాట్లాడేదానివి. ఇప్పుడు నాకు సందు దొరికిందంటే ఈయన బోర్డు పెట్టాడు.”

పెట్టె నేనే సర్దాను. రెండు చీరలు. మూడోది పెట్టబోతే ఆవిడ తీసేసింది.

జూన్ 1

కొట్టు తెరిచాను. కొలతలు నేనే చెప్పాను. నలుగురు వచ్చారు, ఒకడు బోర్డు చూసి వెళ్ళిపోయాడు. వెళ్ళనీ.

టీ నేనే పెట్టుకున్నాను. పంచదార రెండు చెంచాలు.

జూన్ 2

ఆవిడ ఫోను చేసింది. ఫోను నాకు గండం. మొహం కనబడదు, ఆగితే లైను పోయిందనుకుని పెట్టేస్తారు. ఇద్దరం చాలాసేపు ఏమీ అనకుండా ఊపిరి విన్నాం. ఎవరమూ పెట్టెయ్యలేదు. తరవాత చెప్పింది, రేపు వస్తున్నానని.

జూన్ 3

వచ్చింది. వాళ్ళ తమ్ముడే దింపి వెళ్ళాడు. అక్కడి డాక్టరు కూడా మా డాక్టరు చెప్పినట్టే చెప్పాడట. తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు, మాట్లాడుతూ ఉండాలి. ఇక్కడి అమ్మాయి దగ్గరికి వారానికి రెండుసార్లు వెళుతుంది. నేనూ వెళతాను. ఇద్దరికీ రికార్డు ఇమ్మని అడుగుతాను. నాకు దాంతో కలిసి చదవడానికి, ఆవిడకు నా గొంతు వినడానికి.

జూన్ 5

కొట్టు తలుపుకు నల్ల రంగు వెయ్యాలని ఆవిడ పట్టుబట్టింది. రంగుల షాపుకు వెళ్ళాం. ఇన్నేళ్ళ తరవాత మళ్ళీ ఇద్దరం. దారంతా చెబుతూనే ఉంది, ఈసారి నేను నోరెత్తను, మీరే చెప్పండి, నలుపు అని మీ నోటితో మీరే అడగండి. అది చెప్పడానికి వీధి చివరిదాకా పట్టింది. రేడియో మళ్ళీ మోగుతోంది. గరగర ఉంది, అంతే.

కౌంటరు దగ్గర కుర్రవాడు ఏ రంగు కావాలన్నాడు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నా వైపు చూసింది.

నేను తలుపును తలుచుకున్నాను. ఎండకు వెలిసి, నేనే మళ్ళీ మళ్ళీ వేసిన తలుపు.

“నీ-నీ-నీ...”

ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది. కొంగు మాత్రం తియ్యలేదు.

“నీలమా?” అన్నాడు కుర్రవాడు, అప్పటికే వెనక్కి తిరిగి డబ్బా అందుకుంటున్నాడు.

నేను కౌంటరు మీద చేత్తో తట్టాను. తిరిగాడు. ఆగాడు. నాకు పట్టేంత సేపు పట్టింది.

“నీ-నీ-నీలం” అన్నాను.

“నేనూ అదే కదా అన్నాను పెద్దాయనా?”

“కా-కాదు. అ-అది నువ్వన్నది. ఇ-ఇది నే-నేనన్నది.”